లోడు పెట్టి చూడు

నలభై ఏళ్లకు పైగా ఖమ్మంలో ఒక చిన్న మరమ్మతు దుకాణం నడిపాను. వాల్వు రేడియోల చివరి రోజులు చూశాను. ట్రాన్సిస్టరు రేడియోలు, టేపురికార్డర్లు, బ్లాక్ అండ్ వైట్ టీవీలు, స్టెబిలైజర్లు, ఇన్వర్టర్లు, ఇప్పటి ఎల్‌ఈడీ టీవీల దాకా అన్నీ నా బల్ల మీదికి వచ్చాయి. ఇన్నేళ్లలో నన్ను ఎక్కువసార్లు తప్పుదారి పట్టించిన జబ్బు ఏదని అడిగితే తడుముకోకుండా చెబుతాను: ఖాళీగా ఉన్నప్పుడు నిండుగా వోల్టేజి చూపించి, పని మొదలవగానే పడిపోయే పవర్ సప్లై. పూర్తిగా చచ్చిపోయిన సప్లైతో ఇబ్బంది లేదు, అరగంటలో దాని సంగతి తేలిపోతుంది. ఈ రెండో రకంతోనే నేను డబ్బు పోగొట్టుకున్నాను, పేరు పోగొట్టుకున్నాను, ఒక మంచి మనిషికి అన్యాయం కూడా చేశాను. ఇప్పుడు సోల్డరింగ్ ఐరన్ పట్టుకుంటే చెయ్యి వణుకుతోంది. మాట ఇంకా స్థిరంగానే ఉంది కనుక, ఈ పనిలోకి వస్తున్న పిల్లల కోసం నేను నేర్చుకున్నవి రాసి పెడుతున్నాను.

1. లోడు లేకుండా కొలిచిన వోల్టేజిని నమ్మవద్దు.

1990ల నడిమి మాట. బస్టాండు వెనక వీధిలో ఒకాయన ఎస్టీడీ బూతు పెట్టుకున్నాడు. చిన్నప్పుడు పోలియో వచ్చి కాళ్లు చచ్చుబడ్డాయి, మూడు చక్రాల బండి మీద తిరిగేవాడు. పసుపుపచ్చ బోర్డు, అద్దాల గది, బల్ల మీద బిల్లింగ్ మెషిన్. మాట్లాడటం అయిపోగానే ఆ మెషిన్ చిన్న కాగితం మీద బిల్లు కొట్టేది. కొన్నాళ్లకు దానికి ఒక జబ్బు పట్టుకుంది. బిల్లు కొట్టడం మొదలుపెట్టి సగం గీతలో ఆగిపోయేది, డిస్‌ప్లే ఒక్కసారి ఆరి సున్నాలు చూపించేది. ఎంతసేపు మాట్లాడారో, ఎంత అయ్యిందో ఇక దిక్కు లేదు. ఎక్స్ఛేంజిలో మాత్రం మీటరు తిరిగే ఉంటుంది, నెలాఖరుకు ఆ డబ్బు ఆయన కట్టాల్సిందే. రాత్రి పొద్దుపోయాక చార్జీ తగ్గేది కనుక వరుస కట్టి జనం వచ్చేవారు. సరిగ్గా అప్పుడే ఎక్కువగా ఆగేది.

ఆయన మెషిన్ నా దగ్గరికి పంపించాడు. సప్లై బోర్డు విడిగా ఊడదీసి మీటరు పెట్టాను. 5 వోల్టులు రావాలి, ముల్లు గీత మీద నిలబడింది. "సప్లై బ్రహ్మాండంగా ఉంది" అని తిప్పి పంపాను. వారానికి మళ్లీ వచ్చింది, మళ్లీ కొలిచాను, మళ్లీ 5. మూడోసారి ఆయనే బండి తొక్కుకుంటూ వచ్చాడు. "అన్నా, మామూలుగా ఉన్నంతసేపు బాగానే ఉంటది. బిల్లు కొట్టినప్పుడే పోతది, రాత్రయితే ఇంకా ఎక్కువ" అన్నాడు. ఆ ఒక్క మాటలో జబ్బంతా ఉంది. నేను వినలేదు. మెయిన్ బోర్డులో ఐసీ పోయిందని, దానికి మందు లేదని తేల్చాను. ఆయన అప్పు చేసి కొత్త మెషిన్ కొన్నాడు. పాతదాన్ని నా దగ్గరే వదిలేస్తే 200 రూపాయలిచ్చి ఒక అట్టపెట్టెలో పడేశాను.

మీటరు తన కోసం సప్లై నుంచి తీసుకునే కరెంటు లెక్కలోకి రానంత తక్కువ. ఇప్పటి డిజిటల్ మీటరు లోపల మామూలుగా 10 మెగాఓములు ఉంటాయి. అంటే 5 వోల్టుల దగ్గర అది తాగేది అర మైక్రోఆంపు. ఆ అర మైక్రోఆంపు ఇవ్వడానికి కొన ఊపిరితో ఉన్న సప్లై కూడా చాలు.

2. ప్రతి సప్లై కడుపులోనూ కంటికి కనిపించని ఒక రెసిస్టెన్సు ఉంటుంది.

మా ఇంట్లో టార్చిలైటు మసకబారితే అమ్మ సెల్లులు తీసి ఎండలో పెట్టేది. సాయంత్రం వేస్తే కాసేపు కాంతి వచ్చేది. మీ ఇళ్లలో కూడా చూసే ఉంటారు. ఎండ సెల్లులోకి కరెంటు పోసిందని నేను చాలాకాలం అనుకున్నాను. పని నేర్పిన మా గురువుగారు ఒకరోజు అలాంటి పాత సెల్లు ఒకటి నా చేతిలో పెట్టి కొలవమన్నారు. 1.4 వోల్టులు ఉంది. "మరి బాగానే ఉంది కదా, ఎందుకు పారేశారు?" అన్నాను. ఆయన బదులు చెప్పకుండా టార్చి బల్బును సెల్లు మీద ఆనించి, మీటరు తీయకుండా చూడమన్నారు. ముల్లు 0.95 దగ్గరికి జారింది. బల్బు తీస్తే మళ్లీ 1.4.

బల్బు తీసుకునే కరెంటు 0.3 ఆంపు. పోయిన వోల్టేజి 0.45. రెండోదాన్ని మొదటిదానితో భాగిస్తే 1.5 ఓములు. ఆ ఒకటిన్నర ఓము ఎక్కడో బయట లేదు, సెల్లు లోపల మందులోనే ఉంది. కొత్త సెల్లులో అది అర ఓము లోపే. సెల్లు వాడినకొద్దీ పెరుగుతుంది. ఎండకు సెల్లు వేడెక్కి, లోపలి రసాయనాలు చురుగ్గా కదిలి, ఆ రెసిస్టెన్సు కొంత తగ్గుతుంది. అమ్మ చేసినదాంట్లో నిజం ఉంది, కాకపోతే ఆ కాంతి అప్పటికప్పుడే. స్కూటరు సెల్ఫ్ నొక్కినప్పుడు హెడ్‌లైటు ఎందుకు కునుకుతుందో, ఊళ్లో పిండిమర ఆడితే ఇంట్లో బల్బు ఎందుకు తగ్గుతుందో ఆ రోజే నాకు అర్థమైంది. జర్మనీలో ఓమ్ అనే ఆయన 1827లో పుస్తకం వేసి చెప్పిన సూత్రం ఇదే. లోపలి రెసిస్టెన్సును కరెంటుతో గుణిస్తే ఎంత వస్తుందో అంత వోల్టేజి బయటికి రాకుండా లోపలే ఖర్చవుతుంది. కరెంటు లేనప్పుడు ఖర్చూ లేదు, అందుకే ఖాళీగా ఉన్నప్పుడు నిండుగా కనబడుతుంది.

నేను చేసిన తప్పు ఏమిటంటే, ఇది సెల్లుల సంగతి మాత్రమే అనుకోవడం. ట్రాన్స్‌ఫార్మరులో తీగ చుట్లు, డయోడు, కండెన్సరు, స్విచ్చు, ఫ్యూజు పట్టుకునే క్లిప్పు, చివరికి లెడ్డు సరిగ్గా పట్టని ఒక్క అతుకు — అన్నింట్లో ఆ ఒకటిన్నర ఓము ముక్కలు ముక్కలుగా దాక్కుని ఉంటుందని తెలుసుకోవడానికి నాకు పదేళ్లు పట్టింది.

3. ట్రాన్స్‌ఫార్మరు మీద రాసిన అంకె నిండు లోడులో ఉన్నప్పటిది.

సొంతంగా దుకాణం పెట్టిన కొత్తలో రైలెక్కి సికింద్రాబాదులో దిగి, కోఠి గుజరాతీ గల్లీకి వెళ్లి సామాను తెచ్చుకునేవాణ్ని. ఒకసారి 12 వోల్టులు, 1 ఆంపు అని రాసి ఉన్న ట్రాన్స్‌ఫార్మర్లు అరడజను తెచ్చి బ్యాటరీ ఎలిమినేటర్లు కట్టాను. 12 వోల్టులే కదా అని 16 వోల్టుల కండెన్సర్లు వేశాను. మొదటిదాన్ని ప్లగ్గులో పెట్టి, టేపురికార్డరు తగిలించే లోపే కండెన్సరు టపాసులా పేలింది. దాని కాగితం ముక్కలు, ఆ ఘాటు వాసన రెండు రోజులు దుకాణం వదలలేదు.

ఆ ట్రాన్స్‌ఫార్మరు లోడు లేనప్పుడు 14.5 ఇస్తోంది. చిన్న ట్రాన్స్‌ఫార్మర్లలో ఇది మామూలే. లోడు పడితే లోపలి చుట్లలో రెండున్నర వోల్టులు పోతాయని ముందే తెలిసి, తయారు చేసేవాడు నాలుగు చుట్లు ఎక్కువ వేస్తాడు. పైగా ఎసిలో 14.5 అంటే అల శిఖరం 1.414 రెట్లు, అంటే ఇరవై పైమాటే. డయోడుల్లో ఒకటిన్నర పోగా కండెన్సరు మీద పడింది దాదాపు 19. అదే సప్లై మీద నిండు లోడు పెడితే, శిఖరం దగ్గర కూడా పదిహేనున్నర దాటదు. ఒకే వస్తువు పొద్దున 19, పని మధ్యలో 15. రెండూ నిజమే.

ఇంకో సంగతి ఆలస్యంగా తెలిసింది. 1 ఆంపు ట్రాన్స్‌ఫార్మరుకు డయోడుల బ్రిడ్జి, కండెన్సరు పెట్టి 1 ఆంపు డిసి లాగకూడదు. కండెన్సరు అల శిఖరం దగ్గర మాత్రమే గబగబా గుక్కలు వేస్తుంది, మిగతా సమయం ఊరుకుంటుంది. ఆ గుక్కల కరెంటు చాలా పెద్దది, చుట్లను వేడెక్కించేది అదే. 0.6 ఆంపు దగ్గర ఆగితే ట్రాన్స్‌ఫార్మరు పదేళ్లు బతుకుతుంది. నేను 1 ఆంపు అని చీటీ రాసి అమ్మిన ఎలిమినేటర్లు ఎండాకాలంలో ఒక్కొక్కటే తిరిగి వచ్చాయి. డబ్బు వెనక్కి ఇచ్చాను. అందుకు ఈ రోజుకీ సంతోషమే.

కొనేటప్పుడు చేతిలో పట్టుకుని బరువు చూడండి. ఒకే అంకె రాసి ఉన్న రెండింటిలో తేలికగా ఉన్నదాంట్లో ఇనుమైనా తక్కువ ఉంటుంది, రాగికి బదులు అల్యూమినియం తీగైనా ఉంటుంది. అంతే లావు అల్యూమినియం తీగకు రాగి కంటే ఒకటిన్నర రెట్లకు పైగా రెసిస్టెన్సు. ఎసి వోల్టేజి ఖాళీగా కొలిస్తే రెండింటికీ తేడా తెలియదు.

4. చెరువు ఎంత ఉందో చూసి తూము ఎత్తు.

మా వైపు ఊళ్లన్నీ చెరువుల మీద బతికినవే కనుక ఫిల్టర్ కండెన్సరు గురించి పిల్లలకు ఇలాగే చెబుతాను. మన కరెంటు సెకనుకు 50 ఆవృత్తులు. బ్రిడ్జి పెట్టాక సెకనుకు 100 సార్లు వాన పడినట్టు. ఒక వానకూ ఇంకో వానకూ మధ్య సెకనులో నూరోవంతు పాటు చెరువులో నీళ్లతోనే పంట పండాలి. ఆ కాస్తలో నీటిమట్టం ఎంత దిగిందో చూడాలంటే లెక్క తేలిక: లోడు తీసుకునే ఆంపులను, నూరు పెట్టి గుణించిన ఫారడ్లతో భాగించడమే. 1 ఆంపు లోడుకు 1000 మైక్రోఫారడ్లు పెడితే లెక్క ప్రకారం 10 వోల్టులు దిగాలి. నిజానికి తర్వాతి వాన కాస్త ముందే అందుకుంటుంది కనుక అంత దిగదు, కానీ ఏడెనిమిది పోయినా మిగిలేదేమిటి?

ఇది నేను కాగితం మీద నేర్చుకోలేదు. 1980లలో ఒక ఊరి రామాలయానికి ఆంప్లిఫయరు కట్టి ఇచ్చాను. శ్రీరామనవమి నాడు భద్రాచలం కళ్యాణం ఆకాశవాణిలో వచ్చేది, ఉషశ్రీ గారి వ్యాఖ్యానంతో. గుడి ముందు పందిట్లో ఊరంతా కూర్చుంది. అక్కడ మైకుల్లో వచ్చే ఆ గొంతుతో పాటు ఇక్కడ మా గుళ్లోనూ అయ్యగారు కళ్యాణం చేయిస్తున్నారు. మాట వస్తున్నంతసేపు నా ఆంప్లిఫయరు తేనెలా పలికింది. జీలకర్ర బెల్లం వేళకు అక్కడ గట్టిమేళం అందుకున్నారు. ఇక్కడ హారన్‌లో డోలు దెబ్బ పడిన ప్రతిసారీ శబ్దం గొంతు నొక్కినట్టు ఆగి, వెనక నుంచి బుర్రుమని హమ్ తన్నుకొచ్చింది. అసలు ముహూర్తానికే ఏమీ వినబడలేదు. ముసలివాళ్లు కళ్లు మూసుకుని చేతులు జోడించి ఉన్నారు. ఒక్కరు కూడా నన్ను ఏమీ అనలేదు. అనకపోవడమే నాకు ఎక్కువ బాధ కలిగించింది.

ఇంట్లో నేను పరీక్షించింది ఒక గది వినేంత శబ్దంతో. అప్పుడు అది తీసుకున్నది పావు ఆంపో, అర ఆంపో. గట్టిమేళానికి 2 ఆంపులు కావాలి. నేను వేసింది 1000 మైక్రోఫారడ్లు. చెరువు అడుగంటింది. మీటరు పెట్టి చూసినా దొరికేది కాదు, ఎందుకంటే డిసి మీటరు ఎత్తుపల్లాల సగటు చూపిస్తుంది, ఆంప్లిఫయరు మాత్రం పల్లంలో పడి మునుగుతుంది. మరుసటి వారం 4700 మైక్రోఫారడ్లవి రెండు వేసి, ట్రాన్స్‌ఫార్మరు మార్చి ఇచ్చాను. కూలి తీసుకోలేదు. ఏడాదికి ఒక్కసారి వచ్చే ముహూర్తాన్ని మాత్రం తిరిగి ఇవ్వలేకపోయాను.

ఆసిల్లోస్కోపు కొనే స్తోమత లేనివాళ్లకు ఒక దారి చెబుతాను. లోడు పెట్టి, మీటరును ఎసి మీదికి తిప్పి, ఒక నాన్‌పోలార్ కండెన్సరు గుండా డిసి సప్లై మీద పెట్టండి. వోల్టులో ఒకటి రెండు పదోవంతులు చూపిస్తే సరే. వోల్టులకు వోల్టులు చూపిస్తోందంటే కండెన్సరు చిన్నదైనా అయి ఉండాలి, ఎండిపోయైనా ఉండాలి.

5. రెగ్యులేటరు తన దగ్గర లేనిదాన్ని ఇవ్వలేదు.

7805 రెగ్యులేటరు వేశాం కదా, 5 వోల్టులు ఎలాగూ వస్తాయి అనుకునేవాణ్ని. దాని కాలికి కనీసం 7 వోల్టులు అందాలి, 7812కు 14కు పైగా. పైన చెప్పిన పల్లం ఒక్క క్షణం 7 కంటే కిందికి దిగినా, అవుట్‌పుట్ కూడా దానితో పాటే దిగుతుంది. అలాగని లోపలికి 15 వోల్టులు పెట్టి 1 ఆంపు తీస్తే, మిగిలిన 10 వోల్టులు ఐసీలోనే 10 వాట్ల వేడిగా మారతాయి. వేడి హద్దు దాటితే అది తనకు తానే ఆగిపోతుంది. మధ్యాహ్నం పనిచేయకుండా సాయంత్రం చల్లబడ్డాక పనిచేసే వస్తువు వస్తే ముందు హీట్ సింక్ చూడండి.

6. వోల్టేజి ఎక్కడ పోయిందో తెలియాలంటే చివరికంటా నడవాలి.

ఇది నాకు నేర్పింది నా దగ్గర పని నేర్చుకున్న అమ్మాయి. ఐటీఐ చదివి వచ్చింది. కొన్నేళ్ల క్రితం ఒక మిర్చి కోల్డ్ స్టోరేజీకి సీసీ కెమెరాలు బిగించాం. పగలంతా బొమ్మ వచ్చేది. రాత్రి కాగానే దూరంగా ఉన్న రెండు కెమెరాలు ఆరేవి, వెలిగేవి, ఆరేవి. కెమెరాలే నాసిరకమని నేను తేల్చేశాను. సప్లై గదిలో కొలిస్తే రాత్రి కూడా 12 వోల్టులు సరిగ్గా ఉన్నాయి. లోడు మీదే కొలిచాను కదా, నా పాఠం నేను పాటించాను కదా అని ధీమా.

ఆ అమ్మాయి "సార్, కెమెరా దగ్గర కొలిచారా?" అంది. రాత్రి పూట నిచ్చెన ఎక్కడమెందుకని కసిరాను. తనే టార్చి పళ్లతో పట్టుకుని ఎక్కింది. పైనుంచి "తొమ్మిదీ పాయింట్ రెండు సార్" అని కేక వేసింది.

చీకటి పడగానే కెమెరాలో ఇన్‌ఫ్రారెడ్ ఎల్‌ఈడీలు వెలుగుతాయి. పగలు 0.15 ఆంపు తీసుకునేది రాత్రి 0.4 తీసుకుంటుంది. మేము లాగిన సన్న తీగ పోనూ రానూ కలిపి 7 ఓములు. పగలు 1 వోల్టు పోయేది, సర్దుకుంది. రాత్రి 2.8 పోయింది, కెమెరా ఆరింది. ఆరగానే లోడు పోయి వోల్టేజి లేచింది, మళ్లీ వెలిగింది, ఎల్‌ఈడీలు రాగానే మళ్లీ ఆరింది. రాత్రంతా అదే తంతు. నేను తిట్టిన కెమెరాల్లో ఏ లోపమూ లేదు. లావు తీగ లాగాం, అయిపోయింది. ఆ అమ్మాయికి ఇప్పుడు సొంత దుకాణం ఉంది. ఆ రాత్రి కసిరినందుకు తప్పు నాదేనని నేను తనతో ఎప్పుడూ చెప్పలేదు. ఇది చదివితే ఇప్పుడైనా తెలుసుకుంటుంది.

పోనూ రానూ అన్నాను చూడండి, అక్కడ చాలామంది తప్పుతారు. నెగటివ్ తీగలోనూ అంతే వోల్టేజి పోతుంది. మీటరు నల్ల పిన్నును సప్లై బాడీకి పెట్టి, ఎర్ర పిన్నును మాత్రం లోడు దగ్గర పెడితే సగం నష్టమే కనబడుతుంది. రెండు పిన్నులూ లోడు కాళ్ల మీదే పెట్టాలి. కనెక్టరు అనుమానంగా ఉంటే దానికి అటూ ఇటూ పిన్నులు పెట్టి, లోడు నడుస్తుండగా కొలవండి. 0.2 ఓము అతుకులో 5 ఆంపులు వెళితే ఒక వోల్టు పోతుంది, 5 వాట్ల వేడి అక్కడే పుడుతుంది. నల్లబడిన ప్లాస్టిక్ చెప్పేది ఆ సంగతే.

పొలాల దగ్గర ఇదే లెక్క ఇంకా కఠినంగా ఉంటుంది. లైను చివర బావి మీది మోటారుకు వోల్టేజి తగ్గితే అది తక్కువ కరెంటుతో సరిపెట్టుకోదు. నీళ్లు ఎత్తే బరువు అంతే కనుక ఇంకా ఎక్కువ కరెంటు లాగుతుంది. దాంతో తీగలో ఇంకా పోతుంది, చివరికి వైండింగు కాలుతుంది. మా పినతండ్రి కొడుకు ఒక్క యాసంగిలో రెండుసార్లు మోటారు చుట్టించాడు. రెండుసార్లూ నేను స్టార్టరు మార్చమని సలహా ఇచ్చానే గాని, స్తంభాల వెంట ట్రాన్స్‌ఫార్మరు దాకా ఎంత దూరం ఉందో నడిచి చూడలేదు. తర్వాత 11 కేవీ లైనునే బావుల దగ్గరికి తెచ్చి చిన్న ట్రాన్స్‌ఫార్మర్లు పెట్టే హెచ్‌వీడీఎస్ పద్ధతి మన రాష్ట్రంలో వచ్చింది. అదే కరెంటు పని, ఎక్కువ వోల్టేజితో తక్కువ ఆంపులతో జరిగితే తీగలో పోయేది చాలా తగ్గుతుంది. మనం కెమెరా తీగ లావు పెంచి చేసినది, వాళ్లు వోల్టేజి పెంచి చేశారు.

7. పడిపోవడం కొన్నిసార్లు కాపాడుకోవడం.

ఇప్పటి స్విచ్ మోడ్ సప్లైలు, అంటే ఎస్సెంపీఎస్‌లు తమ అవుట్‌పుట్‌ను తామే చూసుకుంటూ సర్దుకుంటాయి. అలాంటిది వోల్టేజి పడేసి టిక్ టిక్ మంటోందంటే, ముందు లోడులో షార్టు ఉందేమో వెతకాలి. ఒకసారి ఓపిక లేక, కరెంటు ఎంత పోతోందో చూసే చిన్న రెసిస్టరు మీద తీగ ముక్క అతికించాను. టిక్ టిక్ ఆగింది. నాలుగు నిమిషాలకు టీవీ మెయిన్ బోర్డు పొగ వదిలింది. సప్లై అంతసేపూ చెబుతున్నది ఆ షార్టు గురించే.

సప్లై పరీక్షకు లోడుగా నేను వాడేది ఆటో ఇండికేటరు బల్బు, 12 వోల్టులు, 21 వాట్లు. తీసుకునేది 1.75 ఆంపులు. చవక, దొరుకుతుంది, కళ్లకు కనబడుతుంది. ఒక్క జాగ్రత్త. చల్లగా ఉన్న ఫిలమెంటు రెసిస్టెన్సు వెలిగినప్పటిదానిలో పదో వంతే ఉంటుంది. అందుకని మొదటి క్షణం పది రెట్లు కరెంటు లాగబోతుంది, దాన్ని షార్టు అనుకుని మంచి ఎస్సెంపీఎస్ కూడా ఆగిపోవచ్చు. అలా నేను బాగున్న సప్లైలు రెండు మూడు చెత్తలో వేశాను. అలాంటి సప్లైకి బల్బు బదులు లావు వైర్‌వుండ్ రెసిస్టరు పెట్టి చూడండి.

8. మీటరు కంటే ముందు, వస్తువుతో బతుకుతున్న మనిషి మాట వినాలి.

సెల్‌ఫోన్లు వచ్చాయి. ఎస్టీడీ బూతుల అద్దాల గదుల్లో రీచార్జి కూపన్లు వేలాడాయి. ఒకనాడు 7805 ఒకటి అవసరమై అటక మీది అట్టపెట్టె దించాను. ఆ బిల్లింగ్ మెషిన్ బయటపడింది. ఐసీ ఊడదీయబోతూ పక్కనున్న ఫిల్టర్ కండెన్సరు కాళ్ల దగ్గర పచ్చగా చిలుము పట్టి ఉండటం చూశాను. అడుగున గోధుమరంగు జిగురు కారి ఎండిపోయింది. తీసి కొలిచాను. పైన 2200 అని ఉంది, మీటరు 300 చూపించింది.

బల్ల ముందు చాలాసేపు అలాగే కూర్చున్నాను. ప్రింటరు కదిలినప్పుడే కరెంటు ఎక్కువ కావాలి. అప్పుడు పల్లం 7 కంటే కిందికి దిగేది, 7805 చేయి వదిలేసేది, ప్రాసెసరు మొదటికి వచ్చేది. రాత్రిపూట ఊళ్లో లైన్ వోల్టేజి తగ్గేది కనుక అప్పుడు ఎక్కువగా ఆగేది. నేను మూడుసార్లూ పట్టపగలు, ప్రింటరు లేకుండా, బోర్డు విడిగా ఊడదీసి కొలిచాను. ఆయన రాత్రి అన్నాడు, బిల్లు కొట్టేటప్పుడు అన్నాడు. రెండూ చెప్పాడు.

పది రూపాయల కండెన్సరు. కొత్తది వేసి మెషిన్ పెట్టుకుని ఆయన దుకాణానికి వెళ్లాను. కూర్చోబెట్టి, టీ తెప్పించాడు. జరిగింది మొత్తం చెప్పాను. ఆయన చాలాసేపు మెషిన్ వైపే చూస్తూ ఉండిపోయి, "ఆ అప్పు తీరడానికి మూడేళ్లు పట్టింది అన్నా" అన్నాడు. కోపంగా అనలేదు. నేను తెచ్చిన డబ్బు బల్ల మీద పెడితే నా వైపే జరిపాడు. కొద్దిసేపటికి, "ఇప్పుడు కొడతదా?" అని అడిగాడు.

ప్లగ్గు పెట్టాను. కాగితం చుట్ట పసుపుబారి ఉంది, రిబ్బను ఎండిపోయింది. ఆయనే చెయ్యి చాచి బిల్లు మీట నొక్కాడు. ప్రింటరు గరగరమంటూ ఈ చివరి నుంచి ఆ చివరికి పాకింది. అది కదిలినంతసేపూ మా ఇద్దరి చూపూ డిస్‌ప్లే మీదే ఉంది. అంకెలు ఒక్కసారి కూడా ఆరలేదు.